హైవే రూలు

పేర్లు పెట్టడం నా ఉద్యోగం. పిల్లలకు కాదు, కార్బన్లకు. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెబుతాను. పదో తరగతి గట్టెక్కి మా దగ్గరికి వచ్చే పిల్లలకు కార్బన్ అంటే బొగ్గు, పెన్సిల్ ముల్లు. రెండేళ్ళ తర్వాత వెళ్ళేటప్పుడు బోర్డు మీద ఎంత వంకర బొమ్మ గీసినా గుక్క తిప్పుకోకుండా దాని పేరు చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళకేమీ కాదు, నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

ఈ పని నాకు ఎందుకు ఇష్టమో చెప్పాలి, లేకపోతే తర్వాత నేను పడిన కోపం అర్థం కాదు. మాది నరసన్నపేట. మా పక్కింటాయనకు ఆధార్‌లో ఒక పేరు, పొలం కాగితాల్లో ఒక పేరు, వీధిలో ఇంకో పేరు. మూడు పేర్లకూ పలుకుతాడు. మా నాన్న గుడిలో పూజ చేసేవారు. అర్చన చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు గోత్రం తెలియదంటే ఆయన క్షణం ఆలోచించకుండా కాశ్యప గోత్రం తగిలించి సంకల్పం చెప్పేసేవారు. ఒకాయన ప్రతి పండక్కీ వచ్చి ప్రతిసారీ ఒక కొత్త గోత్రం చెప్పేవాడు. "తప్పు కదా నాన్నా" అని అడిగితే, "ఆయనెవరో దేవుడికి తెలుసులేవే, నువ్వు కొబ్బరికాయ అందుకో" అనేవారు. అటువంటి ఇంట్లో పెరిగిన నాకు, ప్రపంచంలో ఉన్న కెమిస్టులంతా కూర్చుని, ఒక పదార్థానికి ఒకటే పేరు, ఆ పేరు వింటే ఎవరైనా మళ్ళీ అదే బొమ్మ గీయగలగాలి అని ఒప్పందం చేసుకున్నారని తెలిసినప్పుడు ఎంత సంతోషం వేసిందో. బొమ్మను తలకిందులు చెయ్యి, పక్కకు తిప్పు, మెలితిప్పు. పేరు మారదు. లోకంలో ఒక్కచోటైనా ఇలా ఉందని నాకు ధైర్యంగా ఉండేది.

ఇక నేను పనిచేసే చోట పేర్ల సంగతి చెబుతాను. గేటు దగ్గర ఉండే తాతను సెక్యూరిటీ ఆఫీసర్ అంటారు. రేకుల షెడ్డు పేరు నాలెడ్జ్ బ్లాక్. లెక్కలు చెప్పడం మానేసి మా మీద పెత్తనం చెయ్యడం మొదలుపెట్టిన ఒక పెద్దమనిషి పేరు అకడమిక్ డీన్. పిల్లల్లో మార్కులు బాగా వచ్చేవాళ్ళు డైమండ్ బ్యాచ్. రానివాళ్ళు గోల్డ్ బ్యాచ్. బంగారాన్ని ఇంత చిన్నచూపు చూసేచోటు మా జిల్లాల్లో ఇంకొకటి ఉండదు.

డైమండ్ రెండో అంతస్తులో ఉంటుంది. వాళ్ళకు మేమందరం వెళ్ళి పాఠాలు చెబుతాం. గోల్డ్ కింద, వంటగది పక్కన. వాళ్ళకు ఆర్గానిక్ చెప్పరు. "పాసవడానికి అదెందుకు మేడమ్?" అని డీన్ గారి సిద్ధాంతం. ఆ పీరియడ్‌లో వాళ్ళకు స్టడీ అవర్ పెడతారు. అంటే ఒక ఇన్‌చార్జి కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటాడు, పిల్లలు పుస్తకం చూసుకుంటారు, లేకపోతే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ప్రతి ఆదివారం పరీక్ష, ప్రతి సోమవారం పైవాళ్ళు కొందరు కిందికి, కిందివాళ్ళు కొందరు పైకి. దసరా సెలవుల ముందు వచ్చే పరీక్షతో బ్యాచ్‌లు ఫ్రీజ్ చేస్తారు. ఆ తర్వాత ఎవరి గది వాళ్ళదే, ఏడాది చివరి దాకా కదలడం ఉండదు.

డైమండ్‌లో ఒక అమ్మాయి ఉండేది. భావనపాడు పిల్ల. వాళ్ళ నాన్న పడవ మీద చేపల వేటకు వెళతాడు. క్లాసులో నోరు విప్పేది కాదు కానీ, బెల్లు కొట్టాక అందరూ మెట్ల మీద పడి దిగుతుంటే ఈ పిల్ల బోర్డు దగ్గరికి వచ్చి, నేను గీసిన బొమ్మను చూపుడు వేలితో ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా తడిమేది. ఒకసారి ఏమవుదామనుకుంటున్నావు అని అడిగాను. అందరూ డాక్టర్ అంటారు కదా, ఈ పిల్ల "మీలాగ కెమిస్ట్రీ మేడమండి" అంది. నాకు గర్వంగా అనిపించింది, జాలి కూడా వేసింది.

ఇప్పుడు హైవే రూలు దగ్గరికి వస్తాను. పేరు పెట్టడంలో మొదటి పని, కార్బన్ల గొలుసుల్లో అన్నిటికన్నా పొడుగాటి గొలుసు ఏదో వెతకడం. అది అడ్డంగా ఉండొచ్చు, నిలువుగా ఉండొచ్చు, మలుపు తిరిగి ఉండొచ్చు. పొడుగే లెక్క. నాకు ముందు ఇక్కడ ఒక లెక్చరర్ ఉండేవాడు. షార్ట్‌కట్ల మీద బతికిన మనిషి, ఆయన క్లాసులో ఈలలు వినిపించేవట. ఇంత కష్టం పిల్లలకెందుకని ఆయన ఒక సూత్రం కనిపెట్టాడు. "తిన్నగా పోయినది హైవే. పక్కకి దిగినది ఊరి రోడ్డు. అసలు పేరు హైవేకే." అంతే. ఈ తప్పు మా దగ్గర తప్ప ఇంకెక్కడా పుట్టదు. మాకు హైవే అంటే అంత గురి. స్థలం కొన్నా హైవే ఎంత దూరమని అడుగుతారు, సంబంధం చూసినా "హైవే మీదే ఇల్లు" అని ముందు చెబుతారు. తిన్నగా పోయేదే గొప్పదని పుట్టినప్పటి నుంచీ వింటున్న పిల్లల బుర్రల్లోకి ఆ సూత్రం అడ్డూ ఆపూ లేకుండా వెళ్ళిపోయింది.

అంతటితో ఆగితే నేను సరిదిద్దుకునేదాన్ని. మా కాలేజీకి ఎక్కడో ఒక పెద్దాఫీసు ఉంది. అన్ని బ్రాంచీల నుంచి మంచి మంచి షార్ట్‌కట్లు ఏరి, పిల్లలకు అచ్చేసి ఇచ్చే మెటీరియల్‌లో వేస్తారు. మావాడి హైవే రూలు వాళ్ళకు తెగ నచ్చింది. దాన్ని పేజీలో గీతల పెట్టెలో పెట్టి, పక్కన నక్షత్రం గుర్తు వేసి, అన్ని ఊళ్ళకూ పంపారు. ఆ లెక్చరర్ ఎదురు కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళిపోయాడు. రూలు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. నేను వచ్చీ రాగానే అది తప్పని క్లాసులో చెప్పాను. పిల్లలు మర్యాదగా విని, అచ్చులో ఉన్నదాన్నే నమ్మారు.

ఒక ఆదివారం పరీక్షలో ఆ బొమ్మ వచ్చింది. అడ్డంగా నాలుగు కార్బన్లు. రెండోదాని నుంచి కిందికి రెండు కార్బన్లు వేలాడుతున్నాయి. హైవే రూలు ప్రకారం అడ్డంగా ఉన్న నాలుగూ బ్యూటేన్, వేలాడేది ఇథైల్, పేరు 2-ఇథైల్ బ్యూటేన్. కానీ కింది కొస నుంచి పైకి ఎక్కి, కుడివైపు మలుపు తిరిగి వెళితే అయిదు కార్బన్లు తగులుతాయి. ఎడమ పక్కన మిగిలిపోయిన ఒంటరి కార్బనే కొమ్మ. అసలు పేరు 3-మిథైల్ పెంటేన్. గది మొత్తం మొదటిది రాసింది. భావనపాడు పిల్ల ఒక్కతే రెండోది రాసింది. పెద్దాఫీసు పంపిన జవాబుల కీలో మొదటిదే ఉంది.

తప్పు రాస్తే ఆ ప్రశ్నకున్న మార్కులు పోవడమే కాదు, పైన నెగటివ్ మార్కుల కోత కూడా ఉంటుంది. మా దగ్గర ర్యాంకులు పల్లె బస్సులో జనంలాగా ఒకరి మీద ఒకరు నిలబడి ఉంటాయి. సోమవారం పొద్దున ఆ పిల్ల సంచీ సర్దుకుని, మెళ్ళో నీలం ట్యాగు తీసేసి పసుపు ట్యాగు వేసుకుని, స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడింది.

"మేడమ్, కింద నుంచి ఎక్కితే అయిదు వస్తన్నాయండి. అడ్డంగా నాలుగే గదా. నాను ఏటి తప్పు రాసినానో సెప్పండి."

"నువ్వు రాసిందే రైటు" అన్నాను.

"మరి గోల్డుకి పంపించేసినారేటండి?"

"నేను చూస్తాను" అన్నాను. మా ఆఫీసుల్లో చూస్తాను అంటే చూడను అని మర్యాదగా చెప్పడం. నేను మాత్రం ఆ అర్థంలో అనలేదు. ఇంకో ఆదివారం దాటితే బ్యాచ్‌లు ఫ్రీజ్. ఈ పిల్ల ఏడాదంతా వంటగది పక్కన కూర్చుంటే ఇక కెమిస్ట్రీ మేడమ్ అయినట్టే!

డీన్ గారి గదికి వెళ్ళాను. బొమ్మ గీసి చూపించాను. ఆయన బొమ్మ వైపు చూడలేదు.

"మేడమ్, కీ ఒచ్చేసింది. కీ ఒచ్చేక మరింకేటి మాటాడతాం?"

"కీ తప్పండీ."

"గదంతా ఒకలాగ రాసింది, ఒక్క పిల్ల ఇంకోలాగ రాసింది. ఎవలు తప్పో మీరే సెప్పండి."

"కెమిస్ట్రీ ఎలక్షన్ కాదు సార్" అన్నాను. ఆ మాట ఆయనకు నచ్చలేదు. గేటు పక్కన అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారని, ఆ వారం టాపర్ల ఫొటోలు వేసేశారని, ఇప్పుడు కీ మారిస్తే ఎవరి ముఖం తీసి ఎవరి ముఖం అతికించాలని అడిగాడు. చివరికి నా పోరు పడలేక పెద్దాఫీసులో కెమిస్ట్రీ హెడ్డుకు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

ఆ హెడ్డు చాలా మంచివాడు. ఓపిగ్గా విన్నాడు. "మీరు చెప్పింది హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్ మేడమ్. అది 3-మిథైల్ పెంటేనే" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే కీ మార్చండి" అన్నాను. "అదెలా మేడమ్? రిలీజ్ అయిపోయింది కదా." తప్పని తెలిసి కూడానా అంటే, "కీ తప్పు కాదు మేడమ్, ఆన్సర్ తప్పు" అన్నాడు. ఈ రెండిటికీ తేడా ఏమిటో నాకు ఈరోజుకీ తెలియదు. పైగా ఒక ఉపాయం కూడా చెప్పాడు. అసలు పరీక్షలో నేను చెప్పే పేరు రాయమనాలట, ఆదివారం పరీక్షలో వాళ్ళ కీలో ఉన్న పేరు రాయమనాలట. మా పక్కింటాయన ఏ కాగితానికి ఆ పేరు వాడుకున్నట్టు.

ఫోన్ పెట్టేసరికి డీన్ గారు నవ్వుతున్నాడు. "పిల్లకి నచ్చజెప్పండి మేడమ్. చిన్నపిల్ల, ఇనుకుంటాది" అన్నాడు.

నేను నచ్చజెప్పలేదు. ఆ వారమంతా డైమండ్ గదిలో ఒకటే పని పెట్టుకున్నాను. మెటీరియల్ మూయించాను. "నేను రోజూ నరసన్నపేట నుంచి వచ్చే బస్సు హైవే మీద తిన్నగా వస్తుందా?" అని అడిగాను. "రాదండీ, ఊళ్ళోకి దూరతాదండీ" అన్నారు. ఎందుకు దూరుతుందంటే స్టాపులు అక్కడున్నాయి కనుక. "కార్బన్ అంటే స్టాపు. ఎక్కువ స్టాపులు తగిలే దారే అసలు దారి. వంకరైనా సరే." బోర్డు మీద బొమ్మ మీద బొమ్మ గీశాను. ఒక్కొక్కరినీ పిలిచి వేలితో తడమమన్నాను. ఆపైన మా నాన్న దగ్గర నేర్చిన విద్య బయటికి తీశాను. మంత్రం వంటబట్టాలంటే గొంతెత్తి చెప్పించాలి.

"తిన్నగా ఉన్నదా, పొడుగ్గా ఉన్నదా?" అని నేను.

"పొడుగ్గా ఉన్నదే!" అని వాళ్ళు.

అంతస్తు అదిరిపోయింది. ఫ్లోర్ ఇన్‌చార్జి తొంగిచూసి, చప్పుడుంది కనుక పాఠం బ్రహ్మాండంగా జరుగుతోందని సంతోషించి వెళ్ళిపోయాడు. పిల్లలందరికీ అర్థమైందని నేను ప్రమాణం చెయ్యలేను. కొందరికి అయింది. మిగతావాళ్ళు ఎవరి గొంతు ఆఖరున పెద్దగా వినబడితే అదే రాసే రకం. ఆ వారం ఆఖరి గొంతు నాది.

పెద్దాఫీసువాళ్ళకు కొత్త ప్రశ్నలు తయారు చేసే అలవాటు లేదు. తర్వాతి ఆదివారం అదే బొమ్మ తలకిందులు చేసి ఇచ్చారు. కీ పాతదే. డైమండ్ గది మొత్తం 3-మిథైల్ పెంటేన్ రాసింది. కింద గోల్డ్ గది, పోయినవారం కీ చదువుకుని ఉంది కనుక, మొత్తం 2-ఇథైల్ బ్యూటేన్ రాసింది. ఆ గదిలో కూడా ఒక్కతే వేరుగా రాసింది. ఎవరో చెప్పక్కర్లేదు.

సోమవారం పొద్దున తల్లిదండ్రుల ఫోన్లకు మార్కులు వెళ్ళాయి. డైమండ్‌లో సగానికి సగం కిందికి దొర్లింది. గోల్డ్‌వాళ్ళు కొందరు ఎందుకు పైకి వస్తున్నారో తెలియక మెట్ల మీద బిక్కముఖాలతో నిలబడ్డారు. తొమ్మిదయ్యేసరికి ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంది. నరసన్నపేట నుంచి ఒక బియ్యం వ్యాపారి బండేసుకుని స్వయంగా వచ్చేశాడు. "మావోడు పోయినారం డైమండు. ఈ వారం గోల్డేటండి? ఒక్క వారంలో బుర్ర అరిగిపోనాదేటి?" అని డీన్ గారి బల్ల మీద గుద్దాడు. ఆయన వెనక ఇంకా కొందరు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికీ పెంటేన్ అంటే ఏమిటో తెలియదు. నేను వారం రోజులు పోరినా కదలని కొండ వాళ్ళకు గంటలో కదిలింది.

డీన్ గారు నన్ను పిలిపించాడు. ముఖం చెమటలు పట్టి ఉంది.

"మేడమ్, డైమండు డైమండంతా ఒకటే రాసింది. అంతమంది తప్పు రాస్తారేటి? నాకు కీ మీదే అనుమానంగా ఉన్నాది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అవునండి, నాకూ అనుమానంగానే ఉంది" అన్నాను.

మధ్యాహ్నానికల్లా పెద్దాఫీసు నుంచి సవరించిన కీ వచ్చింది. విద్యార్థుల ప్రయోజనం దృష్ట్యా ఆ ప్రశ్నకు అందరికీ పూర్తి మార్కులు ఇస్తున్నామని, ఈ వారం బ్యాచ్ మార్పులు ఉండవని, సహకరించిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలని. తల్లిదండ్రులు చల్లబడ్డారు. డైమండ్‌వాళ్ళు డైమండ్‌కు, గోల్డ్‌వాళ్ళు గోల్డ్‌కు, ఎక్కడివాళ్ళక్కడ సర్దుకున్నారు. అందరికీ మార్కులు అంటే సరిగ్గా రాసినవాళ్ళకూ, తప్పు రాసినవాళ్ళకూ. ఆ లెక్కన భావనపాడు పిల్ల ఉన్నచోటే ఉండిపోతుందని నాకు వెంటనే తట్టింది. కిందికి వెళ్ళి ఆ పిల్లను వెంటబెట్టుకుని డీన్ గారి గదికి తీసుకెళ్ళాను.

ఆయన మంచి ఉషారులో ఉన్నాడు. టీ తెప్పించుకున్నాడు. "సూసేవా అమ్మా, నువ్వు రాసిందే రైటని పెద్దాఫీసే ఒప్పుకుంది. మన కాలేజీలో అన్యాయం జరగదు" అన్నాడు.

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. మెళ్ళో పసుపు ట్యాగును వేళ్ళతో పట్టుకుంది. "అయితే నాను పైకి ఎల్పోవచ్చేటండి సార్?"

"అది కాదమ్మా. ఈ వారం అందరికీ బోనస్ ఇచ్చేం గదా, నీకు వేరేగా ఏటి కలుస్తాది? నువ్వు దిగింది పోయినారం పరీక్ష వల్ల. దాని కీ మార్చలేదు. అది క్లోజ్. పైగా ఈరోజుతో బ్యాచ్‌లు ఫ్రీజ్."

"పోయిన వారం కీ కూడా తప్పే కదండీ" అన్నాను నేను.

ఆయన నా వైపు చూడకుండా ఆ పిల్లకే విడమరిచి చెప్పాడు. "ఇనమ్మా. ఈ వారం నుంచి దాని పేరు 3-మిథైల్ పెంటేన్. పోయినారం దాకా మన రికార్డులో అది 2-ఇథైల్ బ్యూటేనే. అర్థమయిందా?"

ఆ పిల్ల తలెత్తింది. కోపం లేదు, ఏడుపు లేదు, పాఠంలో సందేహం చెప్పుకున్నట్టే అంది.

"పోయినారం కూడా దాని పేరు అదేనండి సార్."

డీన్ గారు టీ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. నా వైపు చూశాడు, ఏదో కెమిస్ట్రీ చెప్పి నన్నే గండం గట్టెక్కించమన్నట్టు. ఉన్న కెమిస్ట్రీ అంతా ఆ పిల్ల చెప్పేసింది. నాకు సిగ్గు వేసింది, ఒళ్ళు మండింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

ఆ పిల్ల మాకిద్దరికీ నమస్కారం పెట్టి, వంటగది పక్కన ఉన్న తన గదికి మెట్లు దిగింది. బెల్లు కొట్టారు. ఆ పీరియడ్ నాది డైమండ్‌లో. నేను సుద్దముక్కల డబ్బా తీసుకుని ఆమె వెనకే కిందికి దిగాను.